మన కళ ఏ పద్దులో ఉంది?

2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం, 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తమ తమ శాసనసభల్లో శ్వేతపత్రాలు ప్రవేశపెట్టి, గత పాలకులు ఖజానాను ఎంత అధ్వాన స్థితిలో వదిలి వెళ్లారో వివరించాయి. పాలక పక్షాలు వేరు, అంకెలు వేరు. సారాంశం మాత్రం ఒక్కటే: డబ్బు లేదు, ఓపిక పట్టండి. ఆ ఓపిక ఎవరు పట్టాలన్నదే ప్రశ్న. జీతాలు ఆగవు, అప్పులపై వడ్డీలు ఆగవు, పలుకుబడి గల గుత్తేదారు బిల్లు ఆగినా ఎక్కువ కాలం ఆగదు. గ్రంథాలయానికి ఇవ్వవలసిన డబ్బు, పుస్తక ముద్రణ సాయం, వృద్ధ కళాకారుని భృతి, ఉర్దూ పత్రికకు ఇచ్చే చేయూత ఆగుతాయి. ఆగాయని పత్రికల్లో వార్త కూడా రాదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం బిల్లుల సెక్షన్లోనే గడిచింది. కనుక కోత ఎలా పడుతుందో నేను చదివి తెలుసుకోలేదు, నా చేత్తో రాసి తెలుసుకున్నాను. సంస్కృతికి ఈ ఏడాది నిధులివ్వం అని ఏ ప్రభుత్వమూ ప్రకటించదు. బడ్జెట్ పుస్తకంలో అంకె నిండుగానే ఉంటుంది. మంత్రిగారు ఆ అంకెను చదివినప్పుడు బల్లలు కూడా చరుస్తారు. ఏప్రిల్‌లో రావలసిన విడుదల ఉత్తర్వు జూలైకి వస్తుంది. దాని వెనుక పరిపాలనా అనుమతి, ఆపై బిల్లు, ఆపై ఖజానా కార్యాలయంలో టోకెను. టోకెను పడిన బిల్లు ఆంక్షల పేరిట నెలల తరబడి కదలదు. ఏడాది చివర సవరించిన అంచనాలు తయారుచేసేటప్పుడు, ఇంతవరకు ఖర్చు కాలేదు గనుక ఇంత అవసరం లేదని అంకెను తగ్గిస్తారు. ఖర్చు కాకపోవడానికి కారణం తామే డబ్బు విడుదల చేయకపోవడమన్న సంగతి ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. మిగిలినది మార్చి 31 అర్ధరాత్రితో మురిగిపోతుంది. వాస్తవంగా ఎంత ఖర్చయిందో తర్వాతి సంవత్సరాల పుస్తకాల్లో ఒక మూల కాలమ్‌లో అచ్చవుతుంది. ఆ కాలమ్‌ను చదివేవారు రాష్ట్రం మొత్తం మీద ఎందరుంటారో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇందులో నా పాపం కూడా కొంత ఉంది. చాలా కాలం క్రితం సంగతి. ఒక పట్టణంలోని చిన్న ఉర్దూ పఠన మందిరానికి దినపత్రికలు, మాసపత్రికలు తెప్పించుకోవడానికి ఏటా స్వల్ప గ్రాంటు వచ్చేది. ఒక ఏడాది మార్చి చివరి వారంలో వారి బిల్లు నా బల్ల మీదికి వచ్చింది. అంతకు ముందు సంవత్సరపు వినియోగ ధ్రువపత్రంపై ఒక సంతకం తక్కువైంది. అభ్యంతరం రాసి తిప్పి పంపాను. నిబంధన ప్రకారం అది సరైన పనే. వారు సంతకం చేయించి తెచ్చేసరికి ఏప్రిల్ వచ్చేసింది, డబ్బు మురిగిపోయింది. మరుసటి ఏడాది, నిరుడు ఖర్చు చేయలేదన్న కారణంతో గ్రాంటే రాలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు పఠన మందిరం నిర్వాహకులు గది తాళాలు ఇంటి యజమానికి అప్పగించారు. దాని కార్యదర్శిగా ఉన్న వృద్ధుడు ఒకనాడు జుమా నమాజు తర్వాత మస్జిదు మెట్ల మీద కలిశారు. కోప్పడలేదు. "నీ రూలు నువ్వు పాటించావు బేటా" అని మాత్రం అన్నారు. అదే మార్చి చివరి వారంలో, అంతకంటే పెద్ద లోపమున్న ఒక వాహనాల అద్దె బిల్లును పైనుంచి ఫోను వచ్చిందని మేం పాస్ చేసిన సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

ఈ కథ ఆ పఠన మందిరంతో ముగిసేదైతే దీన్ని ఇక్కడ రాయవలసిన పనిలేదు. ఉద్యోగ విరమణ తర్వాత సమాజ సేవలో తిరుగుతున్నప్పుడు, సర్వీసులో ఉండగా నాకు తట్టని మరో విషయం అర్థమైంది. ప్రభుత్వ లెక్కల్లో ప్రతి ఖర్చుకూ ఒక ప్రధాన పద్దు సంఖ్య ఉంటుంది. ఢిల్లీ నుంచి మన రాష్ట్రాల వరకు ఆ సంఖ్య ఒక్కటే. కళలు, సంస్కృతి పద్దు సంఖ్య 2205. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీల సంక్షేమం పద్దు సంఖ్య 2225. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1975లో ఏర్పడిన ఉర్దూ అకాడమీ, రాష్ట్ర విభజన తర్వాత రెండుగా చీలి, నేడు రెండు రాష్ట్రాల్లోనూ మైనారిటీ సంక్షేమ శాఖ నీడలోనే ఉంది. కూచిపూడి, హరికథ, తోలుబొమ్మలాట మొదలైనవి భాషా సాంస్కృతిక శాఖ వ్యవహారాలు. అంటే ఇతరుల కళ సంస్కృతి, మన కళ సంక్షేమం. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూ రెండో అధికార భాష అయింది. అధికార భాష హోదా వచ్చింది గాని, దాని సాహిత్యానికి పెట్టే ఖర్చును మాత్రం ఇప్పటికీ బీదసాదలకిచ్చే సాయంగానే చూస్తున్నారు.

ఇది గుమాస్తాల చాదస్తమని పాఠకులు అనుకోవద్దు. సుభిక్షంగా ఉన్న సంవత్సరంలో ఏ పద్దులో ఉన్నా పెద్ద తేడా రాదు. కరువు సంవత్సరంలో మాత్రం ఆ పద్దు సంఖ్యే తలరాత అవుతుంది. సంక్షేమ శాఖకు ఇచ్చిన మొత్తం తగ్గగానే దాని కింద ఉన్నవన్నీ ఒకదానితో ఒకటి పోటీపడాలి. మన పిల్లల ఉపకార వేతనాలు, బోధన రుసుముల చెల్లింపు, గురుకుల పాఠశాలలు, ఇమాములు, మౌజన్ల గౌరవ వేతనం ఒకవైపు ఉంటాయి. ఉర్దూ పుస్తకం, గ్రంథాలయం, కవి, కాతిబ్ మరోవైపు. పిల్లవాడి కాలేజీ ఫీజు కావాలా, మీ తాతగారి కాలపు గ్రంథం పునర్ముద్రణ కావాలా అని అడిగితే ఏ తండ్రి అయినా ఏమంటాడు? నేనైనా ఫీజే కావాలంటాను. అప్పుడు అధికారి ఫైలుపై, సమాజం వారే పుస్తకాలకు ప్రాధాన్యం ఇవ్వడం లేదని రాసుకుంటాడు. ఈ ప్రశ్నను కూచిపూడి గురువును ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. కూచిపూడికి వచ్చే రూపాయిపై నాకు ఈర్ష్య లేదు. వారి నాట్యాన్ని వారి పిల్లల ఫీజుతో తూచనప్పుడు మన గ్రంథాన్ని మన పిల్లల ఫీజుతో ఎందుకు తూచాలన్నదే నా ప్రశ్న.

రెండు పద్దుల మధ్య పడిపోయేవారు మరికొందరు ఉన్నారు. ప్రకాశం, గుంటూరు ప్రాంతాల్లో తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాలున్నాయని మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. కరవది గ్రామంలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు పొందారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. ఆ తర్వాత రెండు నెలలకే దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. ఆలయాలు మూతపడ్డాయి, పెళ్లిళ్లు ఆగిపోయాయి, మంగళవాద్యంపై బతికే వేలాది ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమైంది. బిరుదులున్న విద్వాంసుల మాట వేరు. పేరులేని కళాకారుడు ఆ ఏడాది వేసవిలో నా ఇంటికి వచ్చాడు. పేరు షేక్‌తో మొదలవుతుంది, వృత్తి ఆలయంలో. సాయం కోసం కళల వ్యవహారం చూసే ఒక కార్యాలయానికి వెళితే, మీవారికి మైనారిటీ కార్యాలయం ఉంది కదా అన్నారట. అక్కడికి వెళితే, మా వద్ద కళాకారుల పథకం లేదు, కళల వాళ్లనే అడగండి అన్నారట. నేనే అర్జీలు రాసిపెట్టాను. మూడు అర్జీలకు రెండు రసీదులు వచ్చాయి, జవాబు ఒక్కటీ రాలేదు. ఆ ఏడాది చివరి వరకు ఆయన తోపుడు బండిపై కూరగాయలు అమ్మాడు. ఉదయం సాధన మాత్రం మానలేదని, పొరుగువారు విసుక్కుంటారని ఊరి బయట చెరువు గట్టుకు వెళ్లి వాయించుకునేవాడినని తర్వాత చెప్పాడు.

గానం, వాద్యం విషయంలో మన ఉలమాలలో ఉన్న భిన్నాభిప్రాయాలు నాకు తెలియనివి కావు. ఈ వ్యాసం వాటిని తేల్చడానికి ఉద్దేశించినది కాదు. పౌరుడిగా పన్ను కట్టే మనిషికి ప్రభుత్వ సాయంలో న్యాయమైన వాటా దక్కిందా లేదా అన్నంత వరకే నా పరిధి.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. మస్జిదు కమిటీ సమావేశాల్లో యువకులే దాన్ని నా ముందు పెట్టారు. "చాచా, ఇళ్లలో తిండికి లేనప్పుడు కవిత్వానికి, కట్టడాలకు డబ్బు అడగడం న్యాయమేనా?" అని. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు చెప్పాలంటే, కరువు కాలంలో సంస్కృతికి డబ్బు పెట్టిన పాలకులు ఆ డబ్బును ఎలా పెట్టారో చూడాలి.

1784 నాటి కరువులో అవధ్ నవాబు ఆసఫుద్దౌలా లక్నోలో పెద్ద ఇమాంబాడా నిర్మాణానికి పూనుకున్నాడు. అది ప్రార్థనకు, సంతాపానికి కట్టిన మందిరమే అయినా, దాని మొదటి ప్రయోజనం కూలి. ఏళ్ల తరబడి వేలాది మందికి అక్కడ పని దొరికింది. పగలు కట్టినదానిలో కొంత భాగాన్ని రాత్రివేళ కూల్చేవారని, ముఖం చూపించుకోలేని పెద్దింటివారికి ఆ చీకట్లో కూలి ముట్టేదని లక్నోలో నేటికీ చెప్పుకుంటారు. ఇది కథో నిజమో గాని, ఆకలికి కులీనత అడ్డురాదని, అయినా మనిషి మర్యాద కాపాడాలని ఆ కథ కట్టినవారికి తెలుసు. దేవుడివ్వనివారికి ఆసఫుద్దౌలా ఇస్తాడన్న నానుడి కూడా అక్కడే పుట్టింది. తౌహీదు తెలిసినవారు ఆ మాట ఒప్పరు, నేనూ ఒప్పను. కాని ఒక పాలకుడి దాతృత్వం గురించి ఆకలిగొన్న ప్రజలు ఏమనుకున్నారో దానివల్ల తెలుస్తుంది. తిండా, కట్టడమా అన్న ప్రశ్న ఆయన ముందు లేదు. కట్టడమే తిండి పెట్టింది.

అమెరికా అనుభవం దీనికంటే మనకు దగ్గరిది, ఎందుకంటే అక్కడ నవాబు లేడు, ఓటు ఉంది. 1930ల మహా మాంద్యంలో కోట్లాది మంది పనులు కోల్పోయినప్పుడు, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో ఉపాధి పనుల కార్యక్రమంలో భాగంగానే చిత్రకారులు, సంగీతకారులు, నటులు, రచయితల కోసం ప్రత్యేక విభాగాలు తెరిచింది. వారికి ఇచ్చినవి బహుమతులు కావు, శాలువాలు కావు, వేతనాలు. రోడ్డు వేసే కూలీకి జీతం ఎలా ఇచ్చారో గోడపై చిత్రం వేసేవాడికీ అలాగే ఇచ్చారు. రచయితల విభాగంలో చేరిన నిరుద్యోగులు చేసిన ఒక పని మన సమాజం ప్రత్యేకంగా గమనించదగినది. 1936 నుంచి 1938 వరకు వారు ఊరూరా తిరిగి, ఒకనాడు బానిసలుగా బతికి అప్పటికి వృద్ధులైన నల్లజాతి స్త్రీ పురుషులను కలిసి, వారి జ్ఞాపకాలను వారి నోటి మాటగా రాసుకున్నారు. అలాంటి కథనాలు 2,300కు పైగా ఈనాడు అమెరికా జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. ప్రశ్నలు అడిగినవారిలో ఎక్కువమంది తెల్లవారు కావడంవల్ల జవాబుల్లో జంకు కనిపిస్తుందని చరిత్రకారులు చెబుతారు. అది నిజమైన లోపమే. అయినా ఆ కరువు రాకపోతే, ఆ నిరుద్యోగులకు ఆ వేతనం ఇవ్వకపోతే, ఆ వృద్ధుల మాట వారితోనే మట్టిలో కలిసిపోయేది.

ఈ అమెరికా కథకు చేదైన ముగింపు కూడా ఉంది. అదే కార్యక్రమంలోని నాటక విభాగాన్ని 1939లో అక్కడి చట్టసభ నిధులు ఆపి మూసివేయించింది. పైకి చెప్పింది పొదుపు. అసలు కోపం, ఆ నాటకాలు పేదల పక్షాన మాట్లాడుతున్నాయని, వాటిలో వామపక్షవాదులున్నారని. పొదుపు పేరుతో చేసే కోతలన్నీ పొదుపు కోసమే కావని మనకు వేరే చెప్పనక్కరలేదు.

మన నేల మీదనే మరో ఉదాహరణ ఉంది. హైదరాబాదు సంస్థానంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడి, గులాం యజ్దానీ దానికి అధిపతి అయ్యారు. అజంతా గుహలు అప్పట్లో నిజాం రాజ్యంలోనివి. ఇటలీ నుంచి నిపుణులను రప్పించి ఆ చిత్రాలను కాపాడారు. అజంతాపై యజ్దానీ సంపుటాల్లో మొదటిది 1930లో, అంటే ప్రపంచ మాంద్యం ముదిరి పంటల ధరలు పడిపోతున్న కాలంలో వెలువడింది. పుణె భండార్కర్ సంస్థ మహాభారత సంశోధిత ప్రతిని సిద్ధం చేస్తున్నప్పుడు, 1932లో ఏడో నిజాం ఏడాదికి వెయ్యి రూపాయల చొప్పున 11 ఏళ్లపాటు సాయం మంజూరు చేశాడు. ఆ రాజ్యంలో జాగీర్దార్లు రైతును పీల్చి పిప్పి చేసిన సంగతిని నేను మరుగుపరచడం లేదు, ఆ పాలన తిరిగి రావాలని కోరడం అంతకన్నా లేదు. అజంతా ఖర్చును బౌద్ధుల సంక్షేమం కింద రాయలేదన్నదే నేను ఎత్తి చూపుతున్న అంశం. అది రాజ్యం సొత్తు, రాజ్యం శాఖ, రాజ్యం బాధ్యత. రాచరికం గుర్తించిన ఈ పాటి మర్యాదను ప్రజాస్వామ్యం గుర్తించలేదంటే ఏమనుకోవాలి?

ఇక ఢిల్లీ లెక్కలు కొన్ని. కోవిడ్ ఏడాదికి, అంటే 2020-21కి, కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖకు బడ్జెట్ అంచనాల్లో దాదాపు 3,150 కోట్లు చూపారు. మరుసటి ఏడాది అది 2,688 కోట్లకు దిగింది. కరువు అందరికీ వచ్చింది గనుక ఆ కోతను కొంతవరకు అర్థం చేసుకోవచ్చు. మైనారిటీ వ్యవహారాల శాఖకు 2020-21లో 5,029 కోట్లు చూపి, సవరించిన అంచనాల్లో 4,005 కోట్లు చేశారు. దీన్నీ కోవిడ్ ఖాతాలో వేద్దాం. కాని 2022-23లో, ఆర్థిక వ్యవస్థ కోలుకున్నదని ప్రభుత్వమే చెప్పుకున్న ఏడాదిలో, అదే శాఖకు 5,020 కోట్లు చూపి సవరించిన అంచనాల్లో 2,612 కోట్లకు కుదించారు. ఆపై ఏడాది బడ్జెట్ ఆ తగ్గిన మెట్టు నుంచే మొదలై 3,097 కోట్ల వద్ద నిలిచింది. నేను పైన చెప్పిన గుమాస్తా పద్ధతికి ఇంతకంటే స్పష్టమైన నమూనా దొరకదు: ముందు విడుదల చేయకు, తర్వాత ఖర్చు కాలేదని చెప్పు, ఆపై ఆ చిన్న అంకెనే కొత్త కొలత చెయ్యి. మన వారసత్వ సంరక్షణకు, చేతివృత్తుల శిక్షణకు ఉద్దేశించిన కేంద్ర పథకాలు కూడా ఈ శాఖ సంచిలోవే. సంచి చిరిగితే ముందు జారిపడేవి చిన్న నాణేలే.

ఇన్ని మాటలు ప్రభుత్వాన్ని అన్నాక మనల్ని మనం అనుకోకపోతే అది న్యాయం కాదు. వచ్చిన ఆ కొద్దిపాటి డబ్బును మనం దేనికి అడుగుతున్నాం? నేను చూసినంతవరకు, ఎక్కువగా ముషాయిరా వేదికకు, అతిథుల రైలు టికెట్లకు, బిర్యానీకి, జ్ఞాపికలకు. ముషాయిరా మన సంప్రదాయం, నేనూ తెల్లవారే దాకా కూర్చున్నవాణ్ణే. కాని ఒక రాత్రి ఖర్చుతో ఒక గ్రంథాలయాధికారికి ఏడాది జీతం ఇవ్వగల సందర్భాలు ఉన్నాయి. వేదికపై మంత్రి ఉంటాడు, ఫోటో వస్తుంది. గ్రంథాలయంలో ఎవరూ ఉండరు. 1931లో, అదే మాంద్య కాలంలో, డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ హైదరాబాదులో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూను స్థాపించి, ఇళ్లలో చెదలు పడుతున్న వ్రాతప్రతులను ఒక చోటికి చేర్చే పని మొదలుపెట్టారు. ఆ పనికి చప్పట్లు పడవు. ఆనాడు పడలేదు గనుకనే ఈనాడు ఆ ప్రతులు మిగిలాయి.

కళాకారులకు వేతనం ఇవ్వడం మన రాష్ట్రాలకు తెలియని విద్య కాదు. తెలంగాణ ఏర్పడిన కొత్తలో సాంస్కృతిక సారథి పేరిట 550 మంది కళాకారులను ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఉద్యమ కాలంలో గొంతెత్తిన బీద కళాకారులకు నెల జీతం దక్కడం మంచి పనే. అయితే వారి చేత ఎక్కువగా పాడించింది ప్రభుత్వ పథకాల గొప్పలు. జీతం ఇచ్చేవాడే పాట కూడా రాసి ఇస్తే, అది ప్రచార శాఖ ఖర్చు అవుతుంది, 2205 ఖర్చు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఉంది, 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు అయింది. డప్పు దళితుల చేతిలోని వాద్యం. దానికి ప్రభుత్వ జాబితాలో చోటు దొరకడం వారు దశాబ్దాలుగా చేసిన పోరాట ఫలితం, మనం నేర్చుకోవలసిన పాఠం. పీర్ల పండుగనాడు అలావా చుట్టూ ఆ డప్పు మోగకపోతే మన ఊళ్లలో పండుగే లేదు. మరి డఫ్ పట్టుకుని ఊరూరా తిరిగే ఫకీరును కళాకారుడిగా గుర్తించి ధ్రువపత్రం ఇవ్వాలంటే ఏ కార్యాలయం మెట్లు ఎక్కాలో మన సంఘాల్లో ఎందరు చెప్పగలరు?

నా అభిప్రాయంలో రాబోయే బడ్జెట్‌కు ముందు మనం అడగవలసింది పెద్ద అంకె కాదు. పెద్ద అంకె ఇవ్వడం వారికి సులువు, విడుదల చేయకపోవడం ఇంకా సులువు. ఉర్దూ అకాడమీని, మన గ్రంథాలయాలను, మన కళాకారులను సంక్షేమ పద్దు నుంచి తీసి 2205 పద్దులో చేర్చాలని అడుగుదాం. సంక్షేమ శాఖ నుంచి బయటికి పోతే ఉన్నదీ పోతుందని భయపడే పెద్దలు ఉన్నారు. సాంస్కృతిక శాఖలో మనకు తెలిసినవారు లేరని, ఇక్కడైతే ఫైలు వెంట తిరగడానికి మనవాడొకడు ఉంటాడని వారంటారు. ఆ భయం నిరాధారం కాదు, నా సర్వీసులో నేనూ ఆ 'మనవాడి'గా ఉపయోగపడ్డాను. అందుకే మార్పుతో పాటు ఆ మొత్తాన్ని ఉత్తర్వులోనే విడిగా చూపాలని, మరో ఖర్చుకు మళ్లించరాదని కోరాలి. గ్రంథాలయాధికారి, కాతిబ్, అనువాదకుడు, వృద్ధ కళాకారుడు వంటి మనుషులకు చేరే డబ్బును జీతాలతో సమానంగా చూసి ప్రతి త్రైమాసికం మొదట్లోనే ఇవ్వాలి. ఉత్సవాలను ఆపదలచుకుంటే ఆపుకోనివ్వండి. కరువు ఏడాదిలో ఒక ముషాయిరా లేకపోతే ఉర్దూ చచ్చిపోదు, ఒక కాతిబ్ కలం పక్కనబెట్టి ఆటో తోలడం మొదలుపెడితే మాత్రం ఆ చేయి తిరిగి రాదు.

వీటితోపాటు అమెరికావారు చేసిన పనిని మన పద్ధతిలో చేయమని అడగాలి. చదువుకుని ఉద్యోగం లేని మన యువతీ యువకులు ప్రతి పట్టణంలో ఉన్నారు. వారికి కొన్ని నెలల వేతనం ఇచ్చి, నూర్‌బాషా దూదేకుల పెద్దల వృత్తి మాటలు, ఫకీర్ల పాటలు, దర్గాల వద్ద మిగిలిన సనదులు, 1948 నాటి జ్ఞాపకాలు రాయించవచ్చు. ప్రశ్నలు అడిగేవారు మనవారైతే జవాబుల్లో ఆ జంకు ఉండదు. అమ్మమ్మలు, నానమ్మలు పరాయి మగవాడికి చెప్పని సంగతులు మన ఆడపిల్లలకు చెబుతారు. 1948లో పదేళ్ల వయసున్నవారు నేడు తొంభైకి చేరువలో ఉన్నారు. బడ్జెట్ బాగుపడే దాకా వారు ఆగలేరు.

వక్ఫ్ ఆదాయంతోనే ఇవన్నీ చేసుకోలేమా అని కొందరు మిత్రులు అడుగుతారు. వక్ఫ్ పరమార్థం అదే, ఏ పాలకుడి కరువూ అంటని శాశ్వత ఆదాయం. కాని ఆక్రమణల్లో, వ్యాజ్యాల్లో చిక్కుకున్న భూముల నుంచి ఎంత వస్తుందో మనకు తెలుసు. వస్తే సంతోషం. దాని పేరు చెప్పి ప్రభుత్వం తన బాధ్యత నుంచి తప్పుకోవడానికి మనమే దారి చూపకూడదు.

ఈ నెలలో నేను రెండు పనులు మొదలుపెట్టాను. మొదటిది సమాచార హక్కు అర్జీ. గత ఐదేళ్లలో ఉర్దూ అకాడమీకి, భాషా సాంస్కృతిక శాఖకు ఏటా బడ్జెట్‌లో చూపినది ఎంత, సవరించినది ఎంత, విడుదల చేసినది ఎంత, మార్చి 31న మురిగిపోయినది ఎంత, విడుదలైనదానిలో వేతనాలు, భృతులకు పోయినది ఎంత, సభలు, సన్మానాలకు పోయినది ఎంత అన్నవే ప్రశ్నలు. జిల్లా స్థాయి కార్యాలయానికైతే పది రూపాయల రుసుము సరిపోతుంది. ప్రతి జిల్లా నుంచి ఒక్కరైనా ఇదే అర్జీ వేస్తే, బడ్జెట్ సమావేశాల నాటికి మన శాసనసభ్యుల చేతిలో పెట్టడానికి ఒక కాగితం తయారవుతుంది. అర్జీ నమూనా కావలసినవారు ఈ పత్రిక కార్యాలయానికి ఉత్తరం రాస్తే పంపుతాను.

రెండోది ఆ నాదస్వర కళాకారుని పాత అర్జీ. దాని ప్రతి నా పెట్టెలో ఉంది. ఆయనకు ఇప్పుడు పింఛను వయసు వచ్చింది. ఈసారి రెండు కార్యాలయాలకూ ఒకే రోజు తపాలాలో పంపుతున్నాను. మీలో ఎవరిది ఈ దరఖాస్తు, కాదన్నవారు ఏ నిబంధన ప్రకారం కాదంటున్నారు, లిఖితపూర్వకంగా తెలుపగలరని రెండింటిలోనూ అడిగాను. ఒకదాని ప్రతి రెండోదానికి వెళుతున్నట్టు అడుగున రాశాను.